కొమ్ము బొమ్మలు, డివ్ పెట్టెలు

(పర్లాకిమిడిలో వెబ్ పని నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? ఫ్యాను ఆపితే ఉక్కపోత, తిరిగితే నా గొంతు మీదాకా రాదు. పోనీ, తిరగనివ్వండి. నేనే గట్టిగా మాట్లాడతాను.

ఇక్కడ తెలుగు ఇళ్లవాళ్లున్నారు, ఒడియా ఇళ్లవాళ్లున్నారు, కొండల్లోంచి వచ్చిన సవర పిల్లలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. నేను తెలుగులోనే మాట్లాడతాను. అర్థం కానిచోట ఆపండి, మొహమాటపడకండి. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు ఇది. ఇక్కడ నించుని ఎవరికీ అర్థం కాని తెలుగు మాట్లాడితే పాపం తగులుతుంది. కాబట్టి డివ్‌ని, అంటే వెబ్ పేజీలో వస్తువుల్ని చుట్టి ఉంచే పెట్టెని, డివ్ అనే అంటాను. దానికి సంస్కృతంలో పేరు పెట్టే ఓపిక నాకు లేదు. (నవ్వులు)

ఇవాళ నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. బొమ్మ చూస్తూ, లాగి పడేస్తూ సైట్ కట్టే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి కదా, వాటిలో మనం పేర్చిన వస్తువులకి మన సొంత హెచ్‌టీఎంఎల్ పెట్టె, అంటే పేజీని రాసే కోడ్‌లోని పెట్టె, తొడగడం ఎలాగ, ఎప్పుడు తొడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి. అంతే. ఇంత చిన్నదానికి గంటసేపు ప్రసంగం ఏటి అనుకుంటారేమో. నాకు ఈ చిన్న విషయం ఒకసారి మూడు రాత్రులు తినేసింది.

మావయ్య మూడో వరసలో కూర్చున్నాడు, తలకాయ దించేస్తున్నాడు. మన ఊరి కొమ్ము పని మీ అందరికీ తెలిసిందే. పశువు కొమ్ముని వేడి చేసి, ఒంచి, ఆకురాయితో రాకి, మెరుపు పెట్టి కొంగ చేస్తారు, రొయ్య చేస్తారు, దువ్వెన చేస్తారు. మావయ్యకి ఒక సైట్ కావాలన్నాడు. పెద్దదేం కాదు. ఒక్కో బొమ్మకి ఒక ఫోటో, పేరు, ధర, వాట్సాప్ బటన్. ఈ నాలుగూ కలిపి ఒక కార్డు. చుట్టూ సన్నటి గీత, లోపల కాస్త ఖాళీ.

అప్పట్లో నేను వాడిన సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. అందులో హెచ్‌టీఎంఎల్ అని ఒక ముక్క ఉంటుంది. దాన్ని లాగి పేజీలో పడేసి, మనకి కావలసిన కోడ్ అందులో రాసుకోవచ్చు. నేను ఏం చేశానంటే, ఫోటోకి పైన ఒక ముక్క పెట్టి అందులో డివ్ తెరిచాను. బటన్ కింద ఇంకో ముక్క పెట్టి అందులో డివ్ మూశాను. మధ్యలో నాలుగు వస్తువులు. పైన తలుపు తెరిచాం, కింద మూశాం, మధ్యలో ఉన్నవన్నీ ఇంట్లో ఉన్నట్టే కదా? ఎంతమంది అవునంటారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఎత్తారు. నేనూ మీతోపాటే.

పేజీ తెరిచి చూస్తే పైన ఒక ఖాళీ చట్రం ఉంది. గీత ఉంది, లోపల ఖాళీ ఉంది, వస్తువు మాత్రం లేదు. దాని కింద కొంగ ఫోటో విడిగా, ధర విడిగా, ఎవరికీ పట్టనట్టు పడున్నాయి.

ఎందుకలా అయిందో చూడండి. ఈ సాఫ్ట్‌వేర్‌లు మనం పెట్టే ప్రతి ముక్కకీ తమ సొంత డివ్ ఒకటి తొడుగుతాయి. కొన్ని రెండు మూడు కూడా తొడుగుతాయి. అది మనకి తెర మీద కనబడదు. నా మొదటి ముక్క చుట్టూ కూడా సాఫ్ట్‌వేర్ డివ్ ఉంది. అంటే కోడ్‌లో వరస ఇదీ: సాఫ్ట్‌వేర్ తన డివ్ తెరిచింది, లోపల నేను నాది తెరిచాను, నా ముక్క అయిపోయింది కాబట్టి సాఫ్ట్‌వేర్ తన డివ్‌కి మూత వేసింది. ఇక్కడే ఉంది కిటుకు. మూసే ట్యాగ్, అంటే డివ్ అయిపోయిందని చెప్పే గుర్తు, దాని మీద ఎవరి పేరూ ఉండదు. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం. పెళ్లింట్లో పది ఇళ్ల గిన్నెలు కలిసిపోయినా ఎవరిది వాళ్లు పట్టుకుపోతారు. డివ్ మూతకి ఆ భాగ్యం లేదు. బ్రౌజర్‌కి తెలిసిన లెక్క ఒక్కటే: ఆఖర్న తెరుచుకున్నదేదో అదే ముందు మూసుకోవాలి. ఆఖర్న తెరుచుకున్నది నాది. కాబట్టి సాఫ్ట్‌వేర్ వేసిన మూత పోయి నా డివ్ మీద పడింది. నా పెట్టె ఖాళీగా మూసుకుపోయింది. సాఫ్ట్‌వేర్ పెట్టె తెరిచే ఉండిపోయింది, ఆ తరవాత వచ్చిన కొంగ, పేరు, ధర, బటన్ అన్నీ దాంట్లోకి జారిపోయాయి. కింద నేను రాసిన మూత రెండో ముక్క తాలూకు సాఫ్ట్‌వేర్ డివ్‌ని మూసింది. దాని మూత మొదటిదాన్ని మూసింది. మొత్తం మీద తెరిచినవి ఎన్నో మూసినవీ అన్నే. ఎక్కడా ఎర్ర గీత పడదు, తప్పుందని ఎవరూ చెప్పరు. అందుకే మూడు రాత్రులు పట్టింది.

ఇంకో చిక్కు. కొన్ని సాఫ్ట్‌వేర్‌ల ఎడిటర్‌లో ఏ ముక్కకి ఆ ముక్కని విడిగా చూపిస్తారు. మూత లేకపోతే అక్కడికక్కడే మూసేసి చూపిస్తారు. దాంతో ఎడిటర్‌లో ఒకలాగ, పబ్లిష్ చేశాక ఇంకోలాగ కనబడుతుంది. ఎడిటర్‌ని నమ్మి పడుకున్నవాడు తెల్లారి లేచి ఫోను చూసుకుని ఏడవాల్సిందే.

నేను నేర్చుకున్నది ఇది. పెట్టె తెరవడం, మూయడం ఒకే చేతిలో జరగాలి. ఒక ముక్కలో తెరిచి ఇంకో ముక్కలో మూయకూడదు. అయితే మొత్తం కార్డుని ఒకే హెచ్‌టీఎంఎల్ ముక్కలో చేత్తో రాసీండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చే పెట్టెనే వాడీండి.

సాఫ్ట్‌వేర్ పెట్టె అంటే, వర్డ్‌ప్రెస్‌లో గ్రూప్ బ్లాక్ ఉంది. నాలుగు బ్లాకులు ఎంచుకుని గ్రూప్ చేయొచ్చు. ఎలిమెంటర్‌లో 2022 నుంచి కంటైనర్ వచ్చింది. అంతకుముందు సెక్షన్, దాంట్లో కాలమ్, దాంట్లో విడ్జెట్, ఉల్లిపాయ పొరల్లాగ. వెబ్‌ఫ్లోలో డివ్ బ్లాక్ అని పేరుతోనే ఉంది. ఈ మూడింట్లోనూ పెట్టెకి ట్యాగ్ మార్చుకునే వీలుంది. డివ్ బదులు సెక్షన్, ఆర్టికల్, హెడర్, ఫుటర్, మెయిన్, కొన్నిట్లో న్యావ్ కూడా. ఇది చాలామంది ముట్టుకోరు. చూడ్డానికి ఏ తేడా రాదు కదా అని. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో సైట్ వింటారు, వాళ్లకి తేడా వస్తుంది. న్యావ్ అని ఉంటే అది మెనూ అని తెలుస్తుంది, మెయిన్ అని ఉంటే తిన్నగా అసలు విషయానికి దూకొచ్చు. డివ్ అంటే ఏ అర్థమూ లేని అట్టపెట్టె. లోపల ఏముందో బయట రాసి ఉండదు.

ఆ పెట్టెకి ఒక క్లాస్ పేరు, అంటే రంగులూ కొలతలూ చెప్పేటప్పుడు దాన్ని పిలిచే పేరు, ఇవ్వండి. 'బాక్స్1', 'బాక్స్2' కాదు. ఆర్నెల్లు పోయాక మీకే తెలీదు. 'బొమ్మ-కార్డు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, తప్పేం లేదు.

సాఫ్ట్‌వేర్ బొత్తిగా ఒప్పుకోకపోతే? పాత సాఫ్ట్‌వేర్‌లు కొన్ని వస్తువుల్ని తెర మీద ఎక్కడ పెడితే అక్కడ అతికించేస్తాయి. పెట్టె అనే ఊహే ఉండదు. అప్పుడు పేజీ తయారయ్యాక జావాస్క్రిప్ట్‌తో, అంటే బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాముతో, తొడగాలి. జావాస్క్రిప్ట్ పనిని తేలిక చేసే జేక్వెరీ 2006 నుంచి ఉంది, అందులో ర్యాప్ అని ఒకటి, ర్యాప్ ఆల్ అని ఒకటి ఉన్నాయి. నాలుగు వస్తువుల్ని ఎంచుకుని ర్యాప్ అంటే నాలుగింటికీ నాలుగు పెట్టెలు తొడుగుతుంది. ర్యాప్ ఆల్ అంటే నాలుగింటినీ ఒకే పెట్టెలో పెడుతుంది. కిరాణా కొట్లో అన్నీ కలిపి ఒక సంచిలో వెయ్యి అంటే, పప్పుకో సంచి, ఉప్పుకో సంచి ఇచ్చాడనుకోండి, అదీ ర్యాప్. జేక్వెరీ లేకుండా కూడా చేయొచ్చు: కొత్త డివ్ పుట్టించి, మొదటి వస్తువు ముందు పెట్టి, ఒక్కోటీ లోపలికి జరపడమే. వీడియో ఫ్రేములు ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ ఫ్రేముని, ఐఫ్రేమ్ అంటారు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే అది మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. నా మట్టుకు నాకు ఇది ఆఖరి దారి. పేజీ ముందు ఒకలాగ కనబడి, తరవాత ఉలిక్కిపడి సర్దుకుంటుంది. చూసేవాడికి చిరాకు.

సరే, పెట్టె ఎలాగో తెలిసింది. ఎందుకు అన్నది అసలు సంగతి. ఊరికే తొడక్కండి.

మావయ్య టోకు ధరల పట్టికలో ఆరు నిలువు వరసలు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో బాగుంది. 360 పిక్సెళ్ల ఫోనులో పట్టిక బయటికి పొడుచుకొచ్చి, పేజీ మొత్తం పక్కకి ఊగిసలాడింది. పట్టికకి మాత్రం ఒక డివ్ తొడిగి, దానికి ఓవర్‌ఫ్లో ఎక్స్ ఆటో అని పెట్టాను. ఇప్పుడు పేజీ కదలదు, పట్టిక ఒక్కటే వేలితో పక్కకి జరుగుతుంది. రెండు నిమిషాల పని. అలాగే వీడియో. వెనకటికి డివ్‌కి కింద ప్యాడింగ్ 56.25 శాతం అని పెట్టేవాళ్లం. 9ని 16తో భాగిస్తే వచ్చేది అదే, వీడియో ఎత్తు వెడల్పుల లెక్క. ఇప్పుడు యాస్పెక్ట్ రేషియో అని, పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లోనే ఉంది, ఆ కసరత్తు అక్కర్లేదు.

ఇక భాష. దీనికి కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను, ఎందుకంటే ఇది మన సరిహద్దు ఊళ్ల బాధ, బెంగుళూరువాళ్లు రాసే పాఠాల్లో ఉండదు.

మావయ్య సైట్ మూడు భాషల్లో ఉండాలి. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లకి తెలుగు, బరంపురం వాళ్లకి ఒడియా, బయటివాళ్లకి ఇంగ్లీషు. ఇంగ్లీషులో కార్డులు అద్దంలాగ కుదిరాయి. పేరు ఒక్క వరసలోనే ఉండాలని దాని పెట్టెకి ఎత్తు కట్టేశాను, ఎక్కువైంది దాచెయ్ అని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను, లైన్ హైట్, అంటే వరస ఎత్తు, ఒకటి. తెలుగు పేజీ పెట్టిన రోజు రాత్రి మావయ్య ఫోను చేశాడు. "ఏటల్లుడూ, నా బొమ్మలకి కనుబొమలు అంటించీసేవేటి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తెరిచి చూస్తే 'కొమ్ము బొమ్మలు' అన్న చోట కింద ఒత్తులు తెగిపోయి 'కొము బొమలు' అని ఉంది. (నవ్వులు, చప్పట్లు)

మీరు నవ్వుతున్నారు, నాకు ఆ రాత్రి నవ్వు రాలేదు. ఇంగ్లీషు అక్షరాలకి కింద తోకలు కొన్నే. వైకి ఉంటుంది, జీకి ఉంటుంది. మనకి అలా కాదు, కింద ఇంకో అక్షరమే వేలాడుతుంది. 'లక్ష్మి' రాయండి, క కింద ష, దానికి తోడు మ. ఇంగ్లీషు కొలతకి కుట్టిన చొక్కా మన అక్షరానికి పొట్టి. ఒత్తు తెగితే అందం పోవడమే కాదు, మాటే మారిపోతుంది.

అప్పుడు ఏం చేశానంటే, తెలుగు ఉన్న ప్రతి చోటా ఒక పెట్టె తొడిగి, దానికి లాంగ్ అనే గుణం పెట్టాను. విలువ తెలుగుకి టి, ఇ అనే రెండక్షరాలు. ఒడియాకి ఓ, ఆర్. ఇక సీఎస్‌ఎస్‌లో ఒక్కసారి రాస్తే చాలు: తెలుగు పెట్టెలో ఏముంటే దానికి లైన్ హైట్ 1.7, తెలుగు ఫాంటు, ఎత్తు కట్టొద్దు. నా కంటికి 1.6కి తగ్గితే ఇరుకుగా ఉంటుంది, 1.8 దాటితే వరసలు విడిపోతాయి. మీ కళ్లకి ఎలా ఉంటుందో మీరు చూసుకోండి. ఒడియాకి ఇంకో ఫాంటు, ఇంకో కొలత. గుండ్రటి తలకట్లు అవి, పైన జాగా అడుగుతాయి. నోటో అనే ఫాంట్ల కుటుంబంలో రెంటికీ ఫాంట్లున్నాయి. గూగుల్ ఫాంట్లలో తెలుగుకి మండలి ఉంది, రామభద్ర ఉంది, గిడుగు అని కూడా ఒకటి ఉంది. ఈ ఊళ్లో పెద్దక్షరాల హెడ్డింగుకి గిడుగు వాడకపోతే ఇంకెక్కడ వాడతాం చెప్పండి?

ఆ పెట్టెతో ఇంకో లాభం నేను అనుకోకుండా వచ్చింది. స్క్రీన్ రీడర్ ఆ లాంగ్ చూసి గొంతు మార్చుకుంటుంది. తెలుగు గొంతు ఫోనులో ఉండాలి, అది వేరే సంగతి. లాంగ్ లేకపోతే తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడడమో, అసలు చదవకపోవడమో జరుగుతుంది.

సరే, ఇప్పుడు పెట్టె వల్ల వచ్చే తంటాలు. గబగబా చెప్పేస్తాను, టీ వచ్చేలాగ ఉంది.

మావయ్య సైట్‌లో కింద కుడివేపు గుండ్రంగా వాట్సాప్ గుర్తు ఉంటుంది. పేజీ ఎంత జరిపినా అక్కడే నించోవాలి. పొజిషన్ ఫిక్స్‌డ్ అంటారు. ఒకరోజు పేజీ తెరవగానే అన్నీ కిందనుంచి తేలుకుంటూ వస్తే బాగుంటుందని మొత్తానికి ఒక పెట్టె తొడిగి యానిమేషన్ పెట్టాను. అంతే, వాట్సాప్ గుండ్రం పేజీతోపాటు పైకి వెళ్లిపోయింది. ఎందుకంటే ట్రాన్స్‌ఫామ్, అంటే వస్తువుని కదిపే సూచన, ఉన్న పెట్టె లోపల ఫిక్స్‌డ్ వస్తువు ఉంటే, అది తెరని పట్టుకోదు, ఆ పెట్టెని పట్టుకుంటుంది. గుండ్రాన్ని పెట్టె బయటికి లాగేస్తే సరిపోయింది. పేజీ జరుపుతుంటే తెరకి అంటుకుని నించునే స్టిక్కీ అనే దానికీ ఇలాంటి జబ్బే. పైన ఏ పెట్టెకైనా ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే అది అంటుకోదు, జారిపోతుంది.

ఇంకోటి, కార్డు మొత్తం నొక్కితే బొమ్మ పేజీకి వెళ్లాలని పెట్టె ట్యాగ్‌ని లింకు చేసేస్తారు. ఎలిమెంటర్‌లో ఆ వీలు కూడా ఉంది. లోపల వాట్సాప్ బటన్ ఉంది, అదీ లింకే. లింకులో లింకు హెచ్‌టీఎంఎల్‌లో కుదరదు. బ్రౌజర్ రెండోది చూడగానే మొదటిదాన్ని మూసేస్తుంది, కార్డు ముక్కలైపోతుంది. పేరా ట్యాగ్‌లో డివ్ పెట్టినా అదే గతి. డివ్ కనబడగానే పేరా తనంతట తనే మూసుకుంటుంది.

(ప్రశ్న: అన్నయ్యా, మేం అప్పడాలు, వడియాలు అమ్ముతాం. మా సైట్‌లో ఒక్క అప్పడం ఫోటోకే పద్నాలుగు డివ్‌లు ఉన్నాయని మా తమ్ముడు చూపించాడు. అది తప్పా?)

తప్పని కాదమ్మా, బరువు. నువ్వు పెట్టినవి ఎన్ని, సాఫ్ట్‌వేర్ పెట్టినవి ఎన్ని అని ముందు లెక్క చూడు. పేజీ మీద కుడి మీట నొక్కి ఇన్‌స్పెక్ట్ అను. ఒక్కో పెట్టె మీద వేలు పెట్టి, దీన్ని తీసేస్తే ఏం పోతుందని అడుగు. గీత పోతుందా, ఖాళీ పోతుందా, భాష పోతుందా? ఏమీ పోకపోతే, నీ చేతిలో ఉన్నదైతే తీసేయ్. సాఫ్ట్‌వేర్‌వి నీ చేతిలో ఉండవు, వదిలేయ్. అప్పడానికి మధ్యలో కాగితం వేస్తాం, అంటుకోకుండా. రెండు కాగితాలు వేస్తే ఇంకా మంచి అప్పడం అవుతుందా?

(ప్రశ్న: సార్, మా సవర భాషకి కూడా ఆ లాంగ్ పెట్టొచ్చా?)

పెట్టొచ్చు నాయనా, ఇది మంచి ప్రశ్న. సవరకి మూడక్షరాల గుర్తు ఉంది: ఎస్, ఆర్, బి. మీకు సొంత లిపి కూడా ఉంది, సోరా సోంపెంగ్. మంగెయ్ గొమాంగో గారు 1936లో తయారు చేశారు. పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చిన ఏడాదీ అదే, ఏప్రిల్ 1న. ఆ లిపి 2012లో, కంప్యూటర్లు అక్షరాల్ని గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలోకి ఎక్కింది, నోటోలో ఫాంటు ఉంది. ఆ ఫాంటు మామూలు ఫోన్లలో ఉంటుందని అనుకోకు, సైట్‌తోపాటు పంపించు. లేకపోతే చూసేవాడికి ఖాళీ గళ్లు కనబడతాయి. ఒకవేళ మీ మాటల్ని ఒడియా అక్షరాల్లోనో, తెలుగు అక్షరాల్లోనో రాస్తే, ఆ మూడక్షరాల పక్కన గీత పెట్టి లిపి గుర్తు కూడా రాయాలి. ఒడియాకి ఓ, ఆర్, వై, ఎ. తెలుగుకి టి, ఇ, ఎల్, యు. గిడుగు వారు సవర నేర్చుకుని, నిఘంటువు కట్టింది తెలుగువాళ్ల కోసం మాత్రమే కాదు. నీ పేజీ అయ్యాక నాకు చూపించు, నాకూ నేర్చుకోవాలని ఉంది.

(ప్రశ్న: ఈ సాఫ్ట్‌వేరే రేపు మూతపడితే?)

పడుతుంది. ఫ్రంట్‌పేజ్ అని ఒకటుండేది, మీరెవరూ చూసుండరు. అడోబీ మ్యూజ్ 2012లో వచ్చింది, 2018 మార్చిలో ఇక కొత్తవి చేర్చం అన్నారు, 2020 మార్చితో సాయం కూడా ఆగింది. పనులు పోయినవాళ్లున్నారు. అప్పుడు తేలిగ్గా బయటపడింది ఎవరంటే, పెట్టెలకి పేర్లు పెట్టుకుని, సీఎస్‌ఎస్ విడిగా దాచుకున్నవాళ్లు. కొత్త చోట అదే పేరుతో పెట్టె కడితే పాత రంగులు వచ్చి కూర్చున్నాయి. వస్తువుల్ని తెర మీద అతికించుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నారు.

ఇంకెవరైనా? మావయ్యా, నువ్వు చెయ్యెత్తావేటి?

(మూడో వరస నుంచి: అదంతా సరేగానీ అల్లుడూ, రొయ్య బొమ్మ ధర పెంచమని సంక్రాంతికి చెప్పేను. ఇంకా పాతదే ఉంది.)

(నవ్వులు) ఆ పక్కకి జరిగే పట్టికలోనే ఉంది మావయ్యా, మూడో గడి. టీ తాగి ఇటొచ్చి కూర్చో, ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఎంత చెయ్యమంటావు?